విజయవాడ, విశాఖ, బెంగళూరు: ఏ ఊరికి ఏ బేస్ గిటార్?

బయటి ఊరి ప్రోగ్రాం అనగానే మా డ్రమ్మర్ అడ్వాన్స్ ఎంత అని అడుగుతాడు. నేను దేంట్లో వెళ్తున్నాం, ఎక్కడ దిగుతున్నాం, సౌండ్ ఎవరిది అని అడుగుతాను. బ్యాండ్‌లో నేను వాయించేది బేస్, అంటే కింది స్వరాల గిటార్. ఈ మూడూ తెలిస్తేనే ఏ బేస్ భుజాన వేసుకోవాలో తేలుతుంది. ఇంట్లో మూడున్నాయి. ఒకటి నాలుగు తీగల పీ బేస్ (ఫెండర్ వాళ్ల ప్రెసిషన్ బేస్) తరహాది. పాసివ్, అంటే లోపల బ్యాటరీ లేనిది, రెండే నాబ్‌లు, ఒళ్లంతా గీతలు. రెండోది ఐదు తీగల యాక్టివ్. సన్నటి నెక్, లోపల ప్రీయాంప్ (సిగ్నల్‌ని పెంచే సర్క్యూట్), దానికో 9 వోల్టుల బ్యాటరీ. మూడోది షార్ట్ స్కేల్, అంటే మామూలు 34 అంగుళాలకు బదులు 30 అంగుళాల తీగ పొడవు ఉన్నది.

మంచి గిటార్ స్టేజీకి, చౌకది రిహార్సల్‌కి అని చాలామంది అనుకుంటారు. నా లెక్క దానికి తలకిందులు. మంచిది రిహార్సల్‌కి, మొండిది ప్రయాణానికి. ఈ చలికాలం విజయవాడ, విశాఖ, బెంగళూరు వరసగా తిరిగొచ్చాక ఆ లెక్క ఇంకా గట్టిపడింది. బెంగళూరు మాత్రం దానికి మినహాయింపు.

హైదరాబాద్ నుంచి విజయవాడ దాదాపు 275 కిలోమీటర్లు. కీబోర్డు, డ్రమ్స్ సామాను వ్యాన్‌లో ముందే పోయాయి కాబట్టి మాకు బస్సే గతి. ఏసీ సీటింగ్ బస్సులో గిటార్ కనపడగానే క్లీనర్ కుర్రాడు డిక్కీ తలుపు ఎత్తుతాడు. "పడేయండి సార్, ఏం కాదు" అంటాడు. సూట్‌కేసులు, బియ్యం బస్తాలు, ఎవరిదో మిక్సీ అట్టపెట్టె, అన్నీ బ్రేకు పడినప్పుడల్లా ఒకదాని మీద ఒకటి దొర్లుతుంటాయి. మెత్తటి గిగ్ బ్యాగ్‌లో ఉన్న బేస్‌కి దెబ్బ తగిలేది బాడీకి కాదు, తలకి. ట్యూనింగ్ కీలుండే చోట బరువు పడితే నెక్ అక్కడే పగులుతుంది. అందుకని నా ఓటు రాత్రి స్లీపర్ బస్సుకి. కింది వరసలో సింగిల్ బెర్త్ తీసుకుని, కిటికీ వైపు బేస్‌ని పడుకోబెట్టి, ఇవతల నేను ముడుచుకుంటాను. నిద్ర సగమే పడుతుంది కానీ టెన్షన్ ఉండదు. సూర్యాపేట దగ్గర టీకి ఆపినప్పుడు బ్యాగ్ వీపుకి తగిలించుకునే దిగుతాను. జనం చూస్తారు, చూడనీ.

విజయవాడలో బస గాంధీనగర్‌లో, స్టేషన్‌కి దగ్గరలో ఓ లాడ్జి. గది శుభ్రంగానే ఉంది, పొద్దున కిందికి దిగితే ఇడ్లీ, పెసరట్టు నడిచేంత దూరంలోనే. ఒకటే పేచీ. పెద్ద సామాను స్టోర్ రూములో పెట్టుకుంటామని రిసెప్షన్‌లో పట్టుబట్టారు. ఆ స్టోర్ రూము మెట్ల కింద, నీళ్ల మోటారు పక్కన. ఇద్దరికి మూడు మంచాల గది అడిగి, తేడా డబ్బులు నేనే కట్టి, మూడో మంచం బేస్‌కి ఇచ్చాను. బుక్ చేసేటప్పుడే ఆ మాట చెప్పేస్తే రాత్రి పన్నెండింటికి వాదించే పని తప్పుతుంది.

ప్రోగ్రాం ఊరి చివర ఓ ఫంక్షన్ హాల్లో, పెళ్లి రిసెప్షన్. నేను పీ బేస్ తీసుకెళ్లడానికి అసలు కారణం ఈ హాలే. బేస్ ఆంప్ ఉండదని ముందే తెలుసు. సౌండ్ కుర్రాడు కేబుల్ చివర చేతిలో పెట్టి "అన్నా, డైరెక్ట్ లైన్ ఇచ్చెయ్" అన్నాడు. గిటార్‌ని నేరుగా మిక్సర్‌కి కలిపే డీఐ బాక్స్ నాది నేనే పట్టుకెళ్తాను, అడిగితే ఎక్కడో ఉందంటారు. స్టేజీ వెనక ఎల్ఈడీ గోడ, చుట్టూ సీరియల్ లైట్లు, బయట జనరేటర్. ఎర్తింగ్ సంగతి దేవుడికే ఎరుక. అలాంటి చోట సింగిల్ కాయిల్ పికప్ (తీగ కదలికని పట్టే ముక్క, ఒకే కాయిల్‌ది) ఉన్న గిటార్ ఏదైనా గుయ్యిమంటుంది.

ఆ మోత గురించి ఒక మాట చెప్పాలి. మన కరెంటు 50 హెర్ట్జ్. బేస్‌లో లావు తీగ మీద మూడో ఫ్రెట్ (నెక్ మీది లోహపు గీత) దగ్గర నొక్కితే పలికే జి స్వరం 49 హెర్ట్జ్. అంటే కరెంటు మోత సరిగ్గా జి పక్కనే, రవ్వంత పైన కూర్చుంటుంది. పాట జి లోనో సి లోనో ఉంటే ఆ మోత శ్రుతి తప్పిన తంబురాలా రాత్రంతా వెంటాడుతుంది. 1951లో ఫెండర్ వాళ్లు ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పుడు దానికీ ఒకే కాయిల్ పికప్. 1957లో దాన్ని రెండు ముక్కలు చేశారు. ఆ ముక్కలు ఒకదానికొకటి ఎదురుగా పనిచేయడంతో మోత తనంతట తనే కొట్టుకుపోతుంది, తీగ చప్పుడు మిగులుతుంది. 1960లో వచ్చిన జాజ్ బేస్ పద్ధతి వేరు. దాని రెండు పికప్‌లూ సమానంగా తెరిచినంతసేపు నిశ్శబ్దమే. సోలో కోసమని ఒకదాన్ని తగ్గించామా, మోత మొదలు. మా గిటారిస్టు ఆ రాత్రి లైట్లు తీయించమని ఈవెంట్ మేనేజర్‌తో వాదిస్తూనే ఉన్నాడు. పెళ్లికూతురి వెనక లైట్లు ఎవరు తీస్తారు?

మర్నాడు పొద్దున్నే రత్నాచల్‌లో విశాఖకి. కూర్చునే సీట్లు, పైన సామాను అర. దాదాపు 120 సెంటీమీటర్ల బ్యాగ్ అక్కడ పొడవునా పడుతుంది, కాకపోతే ముగ్గురి సామాను చోటు తినేస్తుంది. రాజమండ్రిలో ఎక్కిన ఓ మామ్మగారి చేతిలో పూతరేకుల డబ్బాలు, పైన చూస్తే మా బ్యాగ్.

"వీణా నాయనా అది?"

"కాదండీ, గిటారే. దీనిది లావు గొంతు."

"ఏదైతేనేం, కాస్త నిలబెట్టకూడదూ. ఇవి నలిగిపోతాయి."

ఆవిడ న్యాయం ఆవిడది. సామర్లకోట దాటేదాకా బేస్ నా మోకాళ్ల మధ్య, పూతరేకులు పైన. వందే భారత్‌లోనూ సామాను అర కథ ఇంతే, టికెట్ ధర ఎక్కువ, దిగడం తొందరగా. తిరుగు ప్రయాణానికి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో థర్డ్ ఏసీ పై బెర్త్ నాకు అన్నిటికంటే నచ్చింది. కింది బెర్త్ అడుగున చోటు ఉంటుంది కానీ రాత్రంతా ఎవరో ఒకరు చెప్పుల కోసం కాళ్లతో వెతుకుతుంటారు. పైన ఎవరూ రారు. బరువు గొడవా లేదు, థర్డ్ ఏసీలో మనిషికి 40 కిలోల దాకా ఉచితం, బేస్ బ్యాగ్‌తో కలిపి ఆరు కిలోలు ఉండదు.

విశాఖలో నిర్వాహకులు రెండు బసలు చూపించారు. ఒకటి బీచ్ రోడ్డు మీద సముద్రం కనపడే గది, రెండోది సిరిపురం వైపు, కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు గోడ. మావాళ్లంతా సముద్రానికి ఎగబడ్డారు. నేను గోడ తీసుకున్నాను. బాల్కనీ తలుపు సగం తెరిచి ఉంచే గదిలో ఒక రాత్రి ఉంటే చాలు, ఉప్పుగాలికి కొత్త తీగల మెరుపు పోతుంది, బ్రిడ్జి మరలు తుప్పు పడతాయి. పైగా సిరిపురంలో ఉంటే గురజాడ కళాక్షేత్రం దగ్గర, చిల్డ్రన్స్ ఎరీనా దగ్గర, ఆటో కోసం బీచ్ రోడ్డు ట్రాఫిక్‌లో నిలబడక్కర్లేదు. గది మామూలుది, ఏసీ గట్టిది.

గట్టి ఏసీతోనూ ఒక చిక్కుంది. చల్లటి గదిలోంచి నేరుగా తేమ గాలిలోకి తెచ్చి బ్యాగ్ తీస్తే తీగల మీద, పికప్ మీద నీటి చుక్కలు పడతాయి. స్టేజీ దగ్గరికి చేరాక ఓ అరగంట జిప్ తీయకుండా ఉంచితే బేస్ నెమ్మదిగా బయటి వేడికి వస్తుంది. తేమకి కర్ర ఉబ్బి, నెక్ కాస్త ముందుకి వంగి, తీగలు పైకి లేస్తాయి. హైదరాబాద్ మే నెలలో దీనికి ఉల్టా, కర్ర ఎండి కుంచించుకుపోయి ఫ్రెట్ల అంచులు అరచేతికి గీసుకుంటాయి. నేను చూసుకునే పద్ధతి ఇది. లావు తీగని మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా నొక్కి పట్టుకుని, ఏడెనిమిది ఫ్రెట్ల దగ్గర సందులో విజిటింగ్ కార్డు దూర్చడం. కార్డు బిగువుగా ఆనితే సరే. వదులుగా తిరిగితే అలెన్ కీతో ట్రస్ రాడ్‌ని (నెక్ లోపలి కడ్డీ) పావు చుట్టు, అంతకు మించి ఒక్కసారి తిప్పకూడదు. ఆ కీ ఇంటి నుంచే పట్టుకెళ్లాలి. ఊళ్లో హార్డ్‌వేర్ షాపులో చేతికిచ్చేవి మిల్లీమీటర్ల కొలతవి, అమెరికా తయారీ బేస్‌లు కొన్నిటికి అంగుళాల కొలతది కావాలి.

స్టేజీ బీచ్ రోడ్డు పక్కనే, ఆరుబయట. పీ బేస్‌కి నేను ఫ్లాట్‌వౌండ్ తీగలు వేసి ఉంచడం ఇలాంటి చోట్లకే. చుట్టిన తీగ పైభాగం చదునుగా ఉండటంతో చెమట, ఉప్పు దూరడానికి సందులు తక్కువ. వాటికి మొదటి నుంచీ మెరుపు లేదు కాబట్టి పోయేదీ లేదు. సౌండ్ వాళ్లు మాత్రం ఈసారి మంచివాళ్లు దొరికారు. నా మానిటర్‌లో (స్టేజీ మీద నాకు వినపడే స్పీకర్) కిక్ డ్రమ్, నా బేస్ తప్ప ఇంకేం వద్దంటే ఎదురు ప్రశ్న వేయకుండా ఇచ్చారు.

బెంగళూరుకి కాచిగూడ నుంచి రాత్రి రైలు, మళ్లీ పై బెర్త్. ఇక్కడికి ఐదు తీగలది తెచ్చాను. ఇందిరానగర్‌లో ఓ చిన్న క్లబ్బు, సొంత బేస్ ఆంప్, కింది స్వరాలదాకా దిగే సబ్‌వూఫర్లు (సబ్‌లు), మిక్సర్ దగ్గర చెవులున్న మనిషి. మా సింగర్ సగం పాటల శ్రుతి డి లోకి, సి షార్ప్‌లోకి దించేసింది. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికంటే కింది స్వరం ఇ, 41 హెర్ట్జ్. ఐదో తీగ బి దాదాపు 31 దాకా దిగుతుంది. క్లబ్బు సబ్‌లలో ఆ కింది డి వాయిస్తే ముందు బల్లల మీద గ్లాసులు కదిలాయి. అదే విజయవాడ ఫంక్షన్ హాల్లో వాయించి ఉంటే వినపడేది స్వరం కాదు, స్పీకర్ అట్ట కొట్టుకునే చప్పుడు. ఒకటి రెండు పాటలకే డి కావాలంటే ఐదు తీగలది మోయక్కర్లేదు. హిప్‌షాట్ వాళ్ల మీట ఒకటి వస్తుంది, నొక్కితే లావు తీగ ఇ నుంచి డి కి దిగుతుంది.

యాక్టివ్ బేస్‌తో వెళ్తే బ్యాటరీ గోల తప్పదు. కేబుల్ గుచ్చి ఉన్నంతసేపు అది ఖర్చవుతూనే ఉంటుంది, వాయించినా వాయించకపోయినా. సౌండ్‌చెక్ అయ్యాక టిఫిన్‌కి పోయేముందు కేబుల్ పీకేయాలి. కిరాణా కొట్లో పెన్సిల్ సెల్లులు దొరుకుతాయి, చదరపు 9 వోల్టులది రాత్రి తొమ్మిదింటికి దొరకడం కష్టం. బస ఓ అపార్ట్‌మెంట్‌లో. ఇంటావిడ తాళం చేతికిస్తూనే "రాత్రి పది తర్వాత వాయిస్తే కింద ఫ్లాట్ వాళ్లు నన్ను తిడతారు" అంది. హెడ్‌ఫోన్ ఆంప్ ఉంది కాబట్టి ఇబ్బంది లేకపోయింది. మొత్తం తిరుగుడులో సౌకర్యంగా ఉన్న బస ఇదే.

ఇక హైదరాబాద్‌లో రిహార్సల్స్. జామ్ రూములు నాకు తెలిసి రెండు రకాలు. సెల్లార్‌లో గుడ్డలు కొట్టిన గోడలతో, గంటకి తక్కువ తీసుకునేవి. అక్కడ బేస్ ఆంప్ కోన్ చిరిగి ఉంటుంది, వెళ్లగానే ఓపెన్ ఇ గట్టిగా కొట్టి చూడాలి. రెండో రకం మాదాపూర్ వైపు, గదిలో అన్నీ ఉంటాయి, అద్దె దాదాపు రెట్టింపు. డబ్బు పెట్టాల్సింది ఇక్కడే అంటాను. వేళ్లు ఎంత బలంగా పడుతున్నాయో, స్వరం ఎక్కడ ఆపుతున్నానో వినపడేది ఆ గదిలోనే. మంచి బేస్ తేడా చెప్పేదీ అక్కడే. స్టేజీ మీద అదంతా లైట్లకీ ఈలలకీ పోతుంది.

పాటలు నేర్చుకునే దశలో మాత్రం షార్ట్ స్కేల్‌తో పోతాను. బైక్ మీద పూర్తి సైజు బేస్ వీపుకి తగిలిస్తే తల హెల్మెట్ కంటే పైకి లేస్తుంది, సెల్లార్ గేటు దగ్గర వంగి దూరాలి. మెట్రోలో అయితే అమీర్‌పేటలో రైలు మారేటప్పుడు పైన పట్టుకునే కడ్డీకి తగలకుండా ఉండాలి. చిన్నది ఈ బాధలేవీ పెట్టదు. కానీ ప్రోగ్రాంకి ముందు చివరి రిహార్సల్, స్టేజీకి వెళ్లబోయే బేస్‌తోనే చేయాలి. 30 అంగుళాల మీద అలవాటైన వేళ్లు 34 మీదకి పోతే మొదటి ఫ్రెట్ల దగ్గర దూరం చాలదు, స్వరం నలుగుతుంది.

విమానం నేను వీలైనంత వరకు తప్పిస్తాను. దేశీయ ఎకానమీ టికెట్‌కి చెక్ఇన్ సామాను మామూలుగా 15 కిలోలు. బేస్ నాలుగు కిలోలు, హార్డ్ కేసు ఇంకో నాలుగైదు. బట్టలకీ పెడళ్లకీ మిగిలేది ఆరేడు కిలోలు. క్యాబిన్‌లోకి పట్టుకెళ్దామంటే కొలతలు ఒప్పుకోవు, తల లేని హెడ్‌లెస్ బేస్ కూడా 55 సెంటీమీటర్ల పరిమితిలో పట్టదు. గేటు దగ్గర సిబ్బంది దయ తలిస్తే పైన అరలో పెట్టనిస్తారు, దాన్ని నమ్ముకుని టికెట్ కొనలేం. తప్పనిసరైతే పీ బేస్, హార్డ్ కేసులో, తల కింద మడిచిన తువ్వాలు పెట్టి, తీగలు కాస్త వదులు చేసి. కేబుళ్లు, డీఐ బాక్స్ క్యాబిన్ బ్యాగ్‌లో. సెక్యూరిటీలో ఆ డబ్బా ఏంటని తప్పకుండా అడుగుతారు, లైను వెనక్కి జరగకముందే బయటికి తీసి ట్రేలో పెట్టేయండి.