ఆయిల్ క్యాచ్ క్యాన్: డైరెక్ట్ ఇంజెక్షన్ కారుంటేనే కొనండి

నా టర్బో పెట్రోల్ కారుకి క్యాచ్ క్యాన్ (ఇంజిన్ గ్యాస్‌తో వచ్చే ఆయిల్ తుంపరను పట్టి ఉంచే చిన్న డబ్బా) పెట్టించాను, లోపల బాఫిల్ (గ్యాస్ దారికి అడ్డుగా ఉండే పలక), స్టీల్ మెష్ ఉన్న సీల్డ్ రకం. పని చేస్తోంది, కానీ అన్ని కార్లకీ ఇది అక్కర్లేదు, ఆ మాట అమ్మేవాళ్లు చెప్పరు.

పిస్టన్ రింగులు ఎంత బాగున్నా సిలిండర్‌లోని కొంత గ్యాస్ కిందున్న క్రాంక్‌కేస్‌లోకి (క్రాంక్‌షాఫ్ట్ ఉండే భాగం) దిగుతూనే ఉంటుంది. పీసీవీ అనే వాల్వ్ దాన్ని మళ్లీ ఇన్‌టేక్‌లోకి, అంటే ఇంజిన్‌కి గాలి వెళ్లే దారిలోకి పంపిస్తుంది, దాంతోపాటే ఆయిల్ తుంపర కూడా పోతుంది. దాన్ని ఆపడానికే మధ్యలో ఈ క్యాన్. పోర్ట్ ఇంజెక్షన్ ఇంజిన్‌లో పెట్రోల్ ఇన్‌టేక్ వాల్వుల మీద పడుతుంది కాబట్టి అవి చాలావరకు శుభ్రంగానే ఉంటాయి. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే వెళ్తుంది, ఇక వాల్వులను కడిగేదేమీ ఉండదు, ఆ ఆయిల్ వేడికి మాడి కార్బన్‌గా పేరుకుంటుంది. టొయోటా డీ-4ఎస్‌లో రెండు రకాల ఇంజెక్టర్లూ ఉంటాయి, అలాంటి ఇంజిన్ ఉన్నవాళ్లకి ఈ బాధ తక్కువ.

మొదటిసారి క్యాన్ విప్పితే పాలు కలిపిన కాఫీ రంగులో జిగట ద్రవం, ఘాటైన పెట్రోల్ వాసన. ఆయిల్‌లో నీళ్లు కలిస్తే ఆ రంగు వస్తుంది, దాన్ని పొరపాటున కూడా తిరిగి ఇంజిన్‌లో పోయొద్దు. అదంతా వాల్వుల మీదికి పోయేదే కదా అనిపించింది, నాకు పెట్టిన డబ్బు దండగ అనిపించలేదు. అయితే పికప్, మైలేజ్ పెరుగుతాయని ఆశ పెట్టుకోకండి, నాకైతే ఏ తేడా తెలియలేదు.

టర్బో ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి: బూస్ట్‌లో ఉన్నప్పుడు (టర్బో గాలిని ఒత్తిడితో ఇంజిన్‌లోకి తోస్తున్నప్పుడు) పీసీవీ వాల్వ్ మూసుకుని, గ్యాస్ టర్బోకి ముందున్న ఇన్‌టేక్ పైపులోకి బ్రీదర్ గొట్టం గుండా వెళ్తుంది, అందుకే ఒక్క పీసీవీ వైపే క్యాన్ పెడితే సగం పనే అయినట్టు. లోపల బాఫిల్ లేని ఖాళీ డబ్బాలు చవగ్గా దొరుకుతాయి కానీ గ్యాస్ ఒకవైపు నుంచి వచ్చి ఇంకోవైపు నుంచి తుంపరతో సహా వెళ్లిపోతుంది, వాటి జోలికి వెళ్లకండి. పైన ఫిల్టర్ పెట్టి గ్యాస్‌ను గాల్లోకి వదిలే రకం కూడా వద్దు, వాసనతో పాటు కాలుష్య నిబంధనల గొడవ.

ఆయిల్ మార్చేదాకా ఆగకుండా మధ్యలో కూడా తీసి చూడండి, ముఖ్యంగా చలికాలంలో. నీళ్లు గడ్డకట్టి గొట్టం మూసుకుపోతే క్రాంక్‌కేస్‌లో ప్రెషర్ పెరిగి సీళ్ల దగ్గర ఆయిల్ కారడం మొదలవుతుంది. అంత ఓపిక లేకపోతే పెట్టించకపోవడమే మేలు. ఇప్పటికే పేరుకున్న కార్బన్‌ని మాత్రం ఇది తీయలేదు, దానికి వాల్‌నట్ బ్లాస్టింగ్ (వాల్‌నట్ పెంకుల పొడిని గాలితో కొట్టి శుభ్రం చేయడం) లాంటిది చేయించి ఆ తర్వాత క్యాన్ పెట్టించండి.