మంగళగిరి చీరల దుకాణానికి సొంత వెబ్‌సైట్: ఏడేళ్ల వాడకం తర్వాత

మంగళగిరి చేనేత చీరలు అమ్మే మా చిన్న దుకాణానికి 2018 వేసవిలో సొంత వెబ్‌సైట్ పెట్టుకున్నాం. వెబ్‌సైట్లు తయారుచేసే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్, దానికి జోడించిన వూకామర్స్ అనే అమ్మకాల ప్లగిన్ (అదనపు పనుల కోసం తగిలించే చిన్న సాఫ్ట్‌వేర్), సైట్‌ను ఉంచడానికి ఏడాదికోసారి డబ్బు కట్టి తీసుకునే సర్వర్ చోటు, అంటే హోస్టింగ్, ఈ మూడింటి మీదనే ఏడేళ్లకు పైగా నడుపుతున్నాం. సైట్ తయారీకి మాకు పట్టింది ఆరు వారాలే. నిర్వహణకు మాత్రం ఇప్పటికీ ప్రతి వారం నాలుగైదు గంటలు పోతున్నాయి. అందువల్ల ఈ సమీక్షలో తయారీ కంటే నిర్వహణ గురించే ఎక్కువగా రాస్తున్నాను.

ఇది మా రెండో ప్రయత్నం. అంతకు ముందు సైట్ పని అప్పగించిన వ్యక్తి డొమైన్ పేరును, అంటే సైట్ చిరునామాను, తన ఖాతాలో, తన పేరు మీదనే నమోదు చేసుకున్నారు. ఏడాది తిరిగేసరికి ఆయన ఫోనుకు దొరకలేదు, రెన్యువల్ జరగలేదు, పేరు చేజారిపోయింది. అప్పటికే ఆ పేరుతో చీరల పెట్టెలు, సంచులు అచ్చు వేయించి ఉన్నాం. డబ్బు నష్టం ఎలా ఉన్నా, ఆ పేరు గుర్తుపెట్టుకుని వెతికిన కొనుగోలుదారులకు ఖాళీ పేజీ కనిపించడం మమ్మల్ని చాలా బాధపెట్టింది. రెండోసారి డాట్ ఇన్ డొమైన్‌ను మా సొంత ఈమెయిల్, మా ఫోన్ నంబరుతో నమోదు చేసుకుని, ఒకేసారి ఐదేళ్లకు డబ్బు కట్టాం. సైట్ ఎవరి చేత కట్టించుకున్నా సరే, డొమైన్ ఖాతా మాత్రం యజమాని చేతిలోనే ఉండాలి.

వర్డ్‌ప్రెస్‌ను ఎంచుకోవడానికి కారణం అది ఉచితం కావడం ఒక్కటే కాదు. 2003 నుంచి వస్తున్న ఈ సాఫ్ట్‌వేర్‌లో సైట్ అంతా ఒక ఫోల్డరు, ఒక డేటాబేసు. ఆ రెండూ నకలు తీసుకుంటే ఏ హోస్టింగ్‌కైనా మారిపోవచ్చు. 2020లో మేము అలాగే మారాం. మొదటి ఏడాది రెండు వేల రూపాయల లోపు తీసుకున్న హోస్టింగ్ సంస్థ రెన్యువల్‌కు దాదాపు మూడు రెట్లు అడిగింది. ఒక ఆదివారం కూర్చుని సైట్‌ను వేరేచోటికి తరలించాం. నెలవారీ చందాతో దొరికే రెడీమేడ్ దుకాణ వేదికల్లో అప్‌డేట్ల బెడద ఉండదన్నది నిజమే. ఇంట్లో ఒక్కరైనా వారానికి కొంత సమయం కేటాయించలేని వారికి అవే మేలని నా అభిప్రాయం.

మంగళగిరి చీర ఒంటి భాగం సాదాగా ఉంటుంది. దాని అందమంతా రంగులోనూ, జరీ అంచులోనూ, నిజాం అంచు మీది చిన్న చిన్న గోపురాల వరసలోనూ ఉంది. కనుక మా సైట్‌లో అన్నింటికంటే కష్టమైన పని ఫోటో తీయడం. తొలి ఏడాది దుకాణంలో ట్యూబులైట్ల కింద తీశాం. ముదురు నీలం నల్లగా కనిపించింది, వంకాయ రంగు గోధుమ రంగులా కనిపించింది, చీరలు తిరిగి రావడం మొదలైంది. ఇప్పుడు ఉదయం ఎనిమిది నుంచి పది మధ్య, ఉత్తరం వైపు వరండాలో, నేరుగా ఎండ పడనిచోట తెల్లని గుడ్డ పరచి తీస్తున్నాం. ఒక్కో చీరకు నాలుగు ఫోటోలు: మడత, విప్పిన కొంగు, అంచు దగ్గరగా, అంచు పక్కన స్కేలు పెట్టి ఒకటి. ఒకే రంగు రెండు ఫోన్లలో రెండు రకాలుగా కనిపిస్తుంది కాబట్టి మాటల్లోనూ రాస్తాం. ఉత్త “ఆకుపచ్చ” అని రాస్తే కొనేవారికి ఏమీ తెలియదు; “మామిడి చిగురు కంటే ముదురు, చిలకపచ్చ కంటే లేత” అని రాస్తే తెలుగింటి ఆడవారికి వెంటనే అర్థమవుతుంది. ఇలా రాయడం మొదలుపెట్టాక రంగు తేడా అన్న ఫిర్యాదులు బాగా తగ్గాయి. ఫోన్‌లో తీసిన ఫోటో నాలుగైదు ఎంబీలు ఉంటుంది; దాన్ని రెండు వందల కేబీల లోపుకు తగ్గించకుండా ఎక్కించకూడదు. 2021లో వచ్చిన 5.8 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్ వెబ్‌పీ రకం (తక్కువ సైజులో ఇమిడే) ఫోటోలను కూడా తీసుకుంటోంది, అది మాకు ఎంతో ఉపయోగపడింది.

తెలుగు అక్షరాల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. సైట్ రూపాన్ని నిర్ణయించే రెడీమేడ్ థీముల్లో చాలా భాగం ఆంగ్ల లిపిని దృష్టిలో పెట్టుకుని చేసినవే. పంక్తుల మధ్య ఎడం చాలక పై వరసలోని వత్తులు కింది వరసలోని గుడులతో కలిసిపోయేవి. శీర్షికల్లో అయితే వత్తుల అడుగు భాగం తెగిపోయేది. పంక్తి ఎత్తును అక్షరం సైజుకు 1.7 రెట్లు చేసి, అక్షరాల మధ్య అదనపు ఎడాన్ని సున్నా చేశాక చదవడానికి హాయిగా వచ్చింది. వివరాలకు నోటో సాన్స్ తెలుగు, శీర్షికలకు మండలి ఫాంటు వాడుతున్నాం; రెండూ ఉచితమే.

చేనేత సరుకుకు స్టాకు లెక్క వేరే రకం చిక్కు. మిల్లు గుడ్డలా ఒకే రంగులో వందల చీరలు ఉండవు. చాలా పేజీల వెనుక ఉన్నది ఒక్క చీరే. వూకామర్స్‌లో ఎవరైనా ఆర్డరు పెట్టి డబ్బు కట్టకుండా వదిలేస్తే, మనం మార్చకపోతే ఆ చీర అరవై నిమిషాలు వారి పేర ఆగి ఉంటుంది. మేము దాన్ని పదిహేను నిమిషాలకు తగ్గించాం. అంతకంటే పెద్ద సమస్య, సైట్‌లో అమ్ముడైన చీరనే అదే గంటలో దుకాణానికి వచ్చినవారు కొనుక్కుని వెళ్లడం. ఇలా మూడుసార్లు జరిగి, మూడుసార్లూ క్షమాపణ చెప్పి డబ్బు తిరిగి పంపాక, సైట్‌లో పెట్టిన చీరలకు వేరే బీరువా కేటాయించాం. ఆ బీరువా నుంచి చీర తీయాలంటే ముందు సైట్‌లో స్టాకు సున్నా చేయాలన్నది ఇంటిల్లిపాదికీ నియమం. ఏ ప్లగిన్ చేయలేని పనిని ఈ బీరువా చేసింది.

అప్‌డేట్ల దగ్గర మేము బాగా దెబ్బతిన్నది 2021 దసరాకు వారం ముందు. ఒక రాత్రి కొరియర్ ఛార్జీలు లెక్కగట్టే ప్లగిన్‌ను అప్‌డేట్ చేశాను. తెల్లవారేసరికి చెల్లింపు పేజీ తెరుచుకోవడం మానేసింది. పండుగ అమ్మకాల్లో రెండు రోజులు పోయాయి. బ్యాకప్ ఉందిగదా అనుకుంటే, అది కూడా అదే సర్వర్‌లో, నెల రోజుల పాతదిగా ఉంది. ఆ నెల ఆర్డర్లన్నీ ఈమెయిళ్లు చూసి చేత్తో మళ్లీ ఎక్కించాల్సి వచ్చింది. ఆ తర్వాత మూడు అలవాట్లు చేసుకున్నాం. ప్రతి రాత్రి బ్యాకప్ వేరే క్లౌడ్ ఖాతాకు వెళ్తుంది. ఏ అప్‌డేట్ అయినా ముందు సైట్ నకలు మీద చేసి, ఒక ఉత్తుత్తి ఆర్డరు పెట్టి చూసి, మంగళవారం ఉదయమే అసలు సైట్‌లో చేస్తాం. ఆరు నెలలకోసారి బ్యాకప్ నుంచి సైట్‌ను నిజంగానే తిరిగి నిలబెట్టి చూస్తాం. ఒకప్పుడు ఇరవై ఆరు ఉన్న ప్లగిన్లను పదకొండుకు తగ్గించాం. ఉచిత భద్రతా సర్టిఫికెట్ తొంభై రోజులకే ముగుస్తుంది. దానంతట అదే రెన్యువల్ అవుతుందని చెప్పినా, క్యాలెండరులో గుర్తు పెట్టుకోవడం మంచిది.

చెల్లింపుల ఖర్చు ముందే లెక్క వేసుకోవాలి. కొనేవారి నుంచి ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకుని మాకు చేర్చే సంస్థ, అంటే మా గేట్‌వే, రెండు శాతం రుసుము, దాని మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ తీసుకుంటుంది. మూడు వేల రూపాయల చీర మీద అది 70 రూపాయల 80 పైసలు. చేనేతలో మిగిలే లాభానికి ఇది చిన్న మొత్తం కాదు, అయినా చీర ధరలోనే కలిపి చూపిస్తున్నాం.

చట్టం కోరే పేజీలను చాలామంది చిన్న వ్యాపారులు పట్టించుకోరు. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాల ప్రకారం వ్యాపారం అసలు పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరాలు సైట్‌లో ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెల లోపు పరిష్కరించాలి. మా ఇంట్లో ఆ బాధ్యత మా వదినగారిది. దూరంలో ఉన్నవారు తెలియని దుకాణానికి ముందుగా డబ్బు కట్టేది ఆ పేజీలో ఒక మనిషి పేరు, ఫోన్ నంబరు చూసి కూడానని మాకు వచ్చే ఫోన్ల వల్ల అర్థమైంది. నియమాలు మారినప్పుడు సైట్ కూడా వెంటనే మారాలి. 2025 ఆగస్టు 29న అమెరికా ఎనిమిది వందల డాలర్ల లోపు పార్సిళ్లకు సుంకం మినహాయింపు ఎత్తివేసినప్పుడు, అక్కడి తెలుగువారి ఆర్డర్లను ఆ వారమే ఆపి, సుంకం ఎవరు కట్టాలో పేజీలో స్పష్టంగా రాశాకే మళ్లీ తెరిచాం.

ఇన్నేళ్లలో నాకు అన్నింటికంటే విలువైనదిగా తేలింది, మొదట్లో అనవసరమనుకున్న ఒక పని. అమ్ముడైన చీరల పేజీలను మేము తీసేయం. ఫోటో, రంగు పేరు, అంచు కొలత, నూలు సన్నదనం తెలిపే నంబరు, అనుమతి ఇచ్చిన చోట నేసినవారి పేరు అలాగే ఉంచి, “అమ్ముడైంది, ఇలాంటిది నేయించమంటారా?” అని ఒక బటన్ పెట్టాం. నాలుగేళ్ల కిందటి పేజీని గూగుల్‌లో చూసి కూతురి పెళ్లికి అదే రంగు కావాలని అడిగేవారు వస్తున్నారు. మగ్గం మీద ఒకసారి ఎక్కించిన పడుగు (పొడవు దారాలు) మీద కొన్ని చీరలు వస్తాయి కాబట్టి, అలాంటి కోరికలు నాలుగు జమ అయ్యాక మా నేతగారికి కబురు పంపుతాం. నేసినవారికి పని ముందే ఖాయమవుతుంది, మాకు సరుకు నిలవ ఉండదు. పోయిన శ్రావణంలో ఆయన గుంట మగ్గం మీదికి ఎక్కిన నెమలికంఠం రంగు పడుగు అలా వచ్చినదే.