లూర్దులో ముందు వరుస ఎవరిది: నడవలేని అమ్మతో చేసిన యాత్ర

ఒక పుణ్యక్షేత్రాన్ని బేరీజు వేయడానికి ఎవరి కొలత వారికి ఉంటుంది. కొందరు గోపురాల ఎత్తు చూస్తారు, కొందరు తమ మొక్కు తీరిందా లేదా అన్నది చూస్తారు. మోకాళ్ళు అరిగిపోయి, పక్కన మనిషి లేనిదే పది అడుగులు వేయలేని అమ్మను వెంటబెట్టుకొని, మరియమాత దర్శనమిచ్చిందని కతోలికులు నమ్మే ఫ్రాన్సులోని లూర్దుకు బయలుదేరిన నాకు మాత్రం ఒక్క ప్రశ్నే మిగిలింది: నడవలేని మనిషికి అక్కడ చోటు ఎక్కడ? అక్కడి గుహను, ప్రదక్షిణలను, బసను, సేవలను అన్నిటినీ ఆ ప్రశ్నతోనే తూచాను.

మాది కృష్ణా జిల్లా. ఇటలీ నుంచి వచ్చిన ఫాదర్ ఆర్లాటి 1924లో గుణదల కొండ మీది గుహలో లూర్దు మాత స్వరూపాన్ని ప్రతిష్ఠించిన నాటి నుంచి, మా వైపు కతోలిక కుటుంబాలకు ఫిబ్రవరి 9, 10, 11 తేదీలంటే గుణదల తిరునాళ్ళే. తలనీలాలు ఇచ్చేవారు, కొబ్బరికాయలు సమర్పించేవారు, బిడ్డ పుడితే తీసుకొస్తానని మొక్కుకొని ఆ బిడ్డను ఎత్తుకొచ్చేవారు, వీరిలో కతోలికులు కానివారూ ఎందరో. అమ్మ ఏటా జపమాల చెప్పుకుంటూ కొండ పైనున్న సిలువ దాకా ఎక్కేది. మోకాళ్ళు మొరాయించాక కింద దేవాలయంలోనే కూర్చుని, "పైకి పోయి రండమ్మా, నా కొవ్వొత్తి కూడా మీరే వెలిగించండి" అని మమ్మల్ని పంపడం మొదలుపెట్టింది. ఫిబ్రవరి 11 లూర్దు మాత పండుగ మాత్రమే కాదు. జగద్గురువులు (పోపు) రెండవ జాన్ పాల్ 1992లో ఆ తేదీనే ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా ప్రకటించారు, మరుసటి ఏడాది తొలి వేడుక లూర్దులోనే జరిగింది. వ్యాధిగ్రస్తుల పండుగ నాడు అమ్మ కొండ కింద ఉండిపోవడం మా చెల్లెలిని బాగా బాధించింది. తను తులూజ్‌లో ఉద్యోగం చేస్తోంది, అక్కడి నుంచి లూర్దు రైలులో రెండు గంటల దూరం. సెప్టెంబరులో మేము బయలుదేరడానికి అదే కారణం.

రైలు స్టేషను ఊరి ఎత్తులో ఉంటుంది, పుణ్యక్షేత్రం కింద గావ్ నది ఒడ్డున ఉంటుంది. దిగేటప్పుడు నడవగలిగినవారికి అది ఇరవై నిమిషాల హాయైన నడక. చక్రాల కుర్చీని ఆపుకుంటూ దిగేవారికి మాత్రం చేతులు నొప్పెడతాయి, కాబట్టి టాక్సీకి వెనుకాడకూడదు. మేము బస చేసిన మూడు నక్షత్రాల హోటలు గుహకు దగ్గరే, భోజనాలతో కలిపి ధర కూడా ఎక్కువేమీ కాదు. అయితే లిఫ్టులో చక్రాల కుర్చీ పట్టలేదు, స్నానాల తొట్టి అంచు అమ్మ మోకాలి కంటే ఎత్తుగా ఉంది. గది కేటాయించేటప్పుడు కుర్చీ సంగతి ముందే రాశామని చూపిస్తే, ఆ ఉద్యోగిని భుజాలు ఎగరేసి ఊరుకుంది. యాత్రికుల మీదే బతికే ఊరిలో ఈ మాత్రం వసతి లేకపోవడం నాకు మింగుడు పడలేదు. వృద్ధులతో వెళ్ళేవారు "వికలాంగులకు అనుకూలం" అన్న మాటతో తృప్తి పడకుండా లిఫ్టు తలుపు వెడల్పు, స్నానాల గదిలో గడప ఉందా లేదా అన్నవి రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. గుహకు దారితీసే వీధుల్లో అంగళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. నీలి కిరీటం మూతగా పెట్టిన మరియమాత ఆకారపు ప్లాస్టిక్ సీసాలు, మెరిసే జపమాలలు, అయస్కాంతపు బొమ్మలు వరుసగా వేలాడుతుంటాయి. క్షేత్రపు గేటు దాటగానే ఆ సందడి ఒక్కసారిగా తెగిపోతుంది.

గుహకు వెళ్ళేముందు, అక్కడ మరియమాతను చూశానని చెప్పిన బెర్నదెత్ అనే పేదింటి పిల్ల బతికిన గది చూస్తే మంచిదని నా అభిప్రాయం. 1844లో బోలీ అనే పిండి మరలో పుట్టిన ఆ పిల్ల, తండ్రి మరను పోగొట్టుకొని కూలికి వెళ్ళే స్థితికి వచ్చాక, కుటుంబంతో సహా ఒకప్పటి జైలు గదిలో తలదాచుకుంది. కషో అని పిలిచే ఆ ఒంటి గదిలో ఆరుగురు ఉండేవారు. కలరా నుంచి బతికి బయటపడినా ఉబ్బసం ఆమెను జీవితాంతం వదల్లేదు. 1858 ఫిబ్రవరి 11న కట్టెలు ఏరడానికి మస్సాబియెల్ గుహ దగ్గరికి వెళ్ళినప్పుడు ఆమెకు పద్నాలుగేళ్ళు. జూలై 16 వరకు మొత్తం 18 సార్లు తల్లి దర్శనమిచ్చిందని ఆమె చెప్పింది. మార్చి 25న ఆ తల్లి తాను నిష్కళంకోద్భవినని (అంటే జన్మపాపం అంటకుండా తల్లి గర్భాన పడినదానినని) స్థానిక భాషలోనే పలికిందని ఆమె చెప్పిన మాట విచారణ (పారిష్) గురువు పెరమాల్‌ను నిలవేసింది. ఎందుకంటే తొమ్మిదవ పయస్ పోపు ఆ విశ్వాస సత్యాన్ని ప్రకటించి అప్పటికి నాలుగేళ్ళు కూడా నిండలేదు, చదువురాని పల్లెపిల్లకు ఆ మాట తెలిసి ఉండదని ఆయన అనుకున్నారు. పీఠాధిపతి (బిషప్) దాదాపు నాలుగేళ్ళ దర్యాప్తు తరువాత 1862లో దర్శనాలను అంగీకరించారు. ఆ గది గోడల మధ్య నిలబడినప్పుడు నాకు తోచింది ఒక్కటే: ఈ క్షేత్రంలో రోగిష్ఠి మనిషికి తొలి స్థానం తరువాతెప్పుడో కల్పించినది కాదు, కథ అక్కడే మొదలైంది.

మరుసటి ఉదయం సమాచార కేంద్రంలో అమ్మ పరిస్థితి చెప్పగానే స్వచ్ఛంద సేవకుల దగ్గరికి పంపారు. కాసేపటికి నీలి పందిరి ఉన్న మూడు చక్రాల బండిని లాగుకుంటూ ఒక పెద్దాయన వచ్చారు. ముందు మాతో మాట్లాడలేదు. అమ్మ ఎదుట ఒక మోకాలు వంచి కూర్చుని, ఆమె కళ్ళలోకి చూస్తూ తన పేరు చెప్పి, పాదాలు పెట్టుకునే పలకను ఎత్తు సరిచేసి, దుప్పటి అంచు చక్రంలో పడకుండా ఒడిలోకి మడిచి, అప్పుడు మా వైపు తిరిగారు. ఫ్రెంచి తప్ప ఆయనకు ఏమీ రాదు, తెలుగు తప్ప అమ్మకు ఏమీ రాదు. గుహ దాకా ఇద్దరూ ఎవరి భాషలో వారు మాట్లాడుకుంటూనే ఉన్నారు.

ఆయన 1885లో ఏర్పడిన లూర్దు మాత ఆతిథ్య సంఘంలో సభ్యులు. ఈ సంఘంలోని స్వచ్ఛంద సేవకులకు జీతం ఉండదు సరికదా, రైలు ఖర్చు, బస, భోజనం అన్నీ సొంత జేబులోంచే. పదవీ విరమణ చేసినవారు, సెలవుల్లో వచ్చే కాలేజీ పిల్లలు, డాక్టర్లు, నర్సులు రైలు స్టేషనులో మంచాలు దింపడం దగ్గర నుంచి అన్నం తినిపించడం, పక్కలు మార్చడం దాకా చేస్తారు. మంచం పట్టినవారితో వచ్చే మేత్రాసన (డయోసీస్) యాత్రా బృందాలకు నదికి ఆవలి ఒడ్డున అక్కుయ్ నోత్ర్ దామ్, దాని మాదిరిదే మరొకటి అక్కుయ్ మరీ సెంఫ్రె ఉన్నాయి. ఇవి ఆసుపత్రులు కావు, వైద్య సహాయం దగ్గరలో ఉన్న ఆతిథ్య గృహాలు. బృందంతో ముందుగా నమోదు చేసుకున్నవారికి ఇవి ఏ హోటలు కన్నా మెరుగు. విడిగా వెళ్ళిన మాకు ఆ అవకాశం లేకపోయింది.

గుహ దగ్గర వరుస పొడవుగానే ఉన్నా చక్రాల బండ్లకు దారి వేరు. నునుపు తేలిన నల్లటి రాతిని చేత్తో తడుముతూ, గాజు పలక కింద ఊరే నీటిబుగ్గను చూస్తూ, అమ్మ "దేవవరప్రసాదముచేత నిండిన మరియమ్మా, వందనము" అని పైకే చెప్పుకుంటూ వెళ్ళింది, ఎవరూ తొందరపెట్టలేదు. పైన గూటిలోని పాలరాతి స్వరూపం 1864లో శిల్పి ఫాబిష్ చెక్కినది. తాను చూసిన తల్లి అలా లేదని బెర్నదెత్ నిరాశపడిందట. కొవ్వొత్తులు ఇప్పుడు నది ఆవలి ఒడ్డున వెలిగిస్తున్నారు, హుండీలో తోచినంత వేసి తీసుకోవచ్చు. నీరు కుళాయిల్లో ఉచితం, ఎన్ని సీసాలైనా పట్టుకోవచ్చు.

స్నానఘట్టాల గురించి మన వారు విన్నది చల్లటి నీటి తొట్టిలో మునగడం. కోవిడ్ తరువాత ఆ స్థానంలో వచ్చిన పద్ధతినే మేము చూశాము. ఇద్దరు సేవికలు అమ్మ బండి పక్కన నిలబడి, సిలువ గుర్తు వేయించి, మనసులోని కోరికను మౌనంగా చెప్పుకోమని సైగ చేసి, కూజాతో దోసిట్లో నీళ్ళు పోశారు. మొదట చేతులకు, తరువాత ముఖానికి, చివరికి తాగడానికి. 1858 ఫిబ్రవరి 25న బురదను తవ్వి బెర్నదెత్ తాగి ముఖం కడుక్కున్న తీరునే ఇది అనుసరిస్తుంది. మునక కోసం వచ్చినవారికి కొంత వెలితిగా ఉండవచ్చు. తొట్టిలోకి ఎలాగూ దిగలేని అమ్మకు మాత్రం ఇదే నిండుగా ఉంది. ఆ నీటిలో ప్రత్యేక ఔషధ గుణమేదీ ఉందని తిరుసభ చెప్పదు.

స్వస్థతల విషయంలో కూడా ఇక్కడి జాగ్రత్త నాకు నచ్చింది. 1883 నుంచి ఇక్కడ వైద్య పరిశీలనా కార్యాలయం ఉంది, ఏ మతానికి చెందిన డాక్టరైనా అందులో పాల్గొనవచ్చు. ఏడు వేలకు పైగా స్వస్థతలు నమోదైతే, 2025 నాటికి అద్భుతాలుగా ప్రకటించినవి 72 మాత్రమే. జబ్బు తీవ్రమైనదై ఉండాలి, స్వస్థత హఠాత్తుగా, సంపూర్ణంగా, శాశ్వతంగా జరగాలి, వైద్యశాస్త్రం దానికి కారణం చెప్పలేకపోవాలి. ఇదంతా తేలాక కూడా ప్రకటించేది డాక్టర్లు కారు, స్వస్థుడైన వ్యక్తి మేత్రాసన పీఠాధిపతి. మన దగ్గర స్వస్థత కూటముల్లో మైకు పట్టుకొని ఆ సాయంత్రమే సాక్ష్యం చెప్పించే పద్ధతికి అలవాటైనవారు ఈ నెమ్మదిని ఒకసారి చూడాలి.

సాయంత్రం ఐదు గంటలకు దివ్యసత్ప్రసాద (క్రీస్తు శరీరంగా ఆరాధించే పవిత్రమైన అప్పం) ప్రదక్షిణ, రాత్రి తొమ్మిదికి కొవ్వొత్తుల ప్రదక్షిణ. ఈ రెండూ ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు రోజూ జరుగుతాయి. సాయంత్రపుది 1958లో భూగర్భంలో కట్టిన పదవ పయస్ బసిలికాలో ముగుస్తుంది. పాతిక వేల మంది పట్టే ఆ కాంక్రీటు మందిరం నా కంటికి అందంగా కనిపించలేదు, కార్ల పార్కింగు అంతస్తులా ఉందని చెల్లెలు అన్న మాటకు ఎదురు చెప్పలేకపోయాను. కానీ లోపలికి వాలుగా దిగే దారులు బండ్ల కోసమే అన్నట్టున్నాయి, ముందు వరుసలన్నీ రోగులవే. గురువులు దివ్యసత్ప్రసాదాన్ని పట్టుకొని ఆ వరుసల మధ్య నడుస్తూ ఒక్కొక్కరి ముందు ఆగి ఆశీర్వదించినప్పుడు, ఆరోగ్యవంతులమైన మేమంతా వెనక నిలబడి చూశాము. రాత్రి ప్రదక్షిణలోనూ నీలి బండ్లే ముందు సాగాయి. కాగితపు డొప్పలో కొవ్వొత్తి పెట్టుకొని, "ఆవే, ఆవే, ఆవే మరియా" అన్న పల్లవి వచ్చినప్పుడల్లా అందరూ దానిని పైకెత్తుతారు. జపమాల గుత్తులు ఒక్కో భాషలో చెబుతుంటే తెలుగు వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించాము, వినిపించలేదు. అమ్మ లెక్క తప్పకుండా తన తెలుగులోనే పూర్తి చేసింది.

క్రీస్తు శ్రమలను పద్నాలుగు స్థలాల్లో ధ్యానించే సిలువ మార్గం విషయంలో ఏర్పాటు ఆలోచించదగ్గది. ఎస్పెలుగ్ కొండ మీద నిలువెత్తు విగ్రహాలతో ఉన్న పాత మార్గం ఒకటిన్నర కిలోమీటరు, ఎత్తుపల్లాల బాట. మొదటి స్థలం వద్ద మెట్లను కొందరు మోకాళ్ళ మీద ఎక్కుతారు. కొండ ఎక్కలేనివారి కోసం నది పక్కన పచ్చికలో పాలరాతి శిల్పాలతో మరో సిలువ మార్గాన్ని చదునైన నేల మీద పెట్టారు. పాతదాని గాంభీర్యం దీనికి లేదు, విగ్రహాల శైలి కూడా అమ్మకు కొత్తగా అనిపించింది. అయినా పద్నాలుగు స్థలాలూ ఆమె చేసుకోగలిగింది. గుణదల కొండ కింద ఇలాంటిదొకటి ఉంటే బాగుంటుందని ఊరికి వచ్చాక మా విచారణ గురువుగారితో చెప్పాను.

డబ్బు లేనివారి సంగతి తెలుసుకోవాలని ఊరి అంచున కొండవాలులో ఉన్న సితే సెంపియేర్‌కు కూడా వెళ్ళాము. కతోలిక సహాయ సంస్థ సెకూర్ కతోలిక్ స్థాపకుడు ఫాదర్ జాన్ రొదేన్ 1950ల మధ్యలో, లూర్దు యాత్ర పేదవారికి అందకుండా పోకూడదన్న ఉద్దేశంతో దీనిని ప్రారంభించారు. ఇచ్చుకోగలిగినంతే ఇచ్చి ఉండవచ్చు, వండేదీ వడ్డించేదీ ఎక్కువగా స్వచ్ఛంద సేవకులే. చెట్ల మధ్య విడివిడిగా ఉన్న భవనాలు శుభ్రంగా, ప్రశాంతంగా ఉన్నాయి. క్షేత్రానికి దూరం, వాలు ఎక్కువ కాబట్టి మోకాళ్ళ నొప్పుల వారికి ఇది తగదు. ఓపిక ఉండి ఖర్చుకు వెనుకాడే విద్యార్థులు మాత్రం ముందుగా రాసి అడగవచ్చు.

మిగిలిన విషయాలు క్లుప్తంగా. దివ్యబలిపూజ (మాస్) ఇంగ్లీషులో రోజూ ఉంటుంది. బుధ, ఆదివారాల ఉదయం జరిగే అంతర్జాతీయ పూజ భూగర్భ బసిలికాలో. పాపసంకీర్తనానికి (పాపాలు ఒప్పుకోవడానికి) ఇంగ్లీషు తెలిసిన గురువులు దొరుకుతారు. హోటలు భోజనం రొట్టె, సూపు, చేప, ఉడికిన కూరలు; పెద్దవారికి అన్నం కావాలంటే ముందు రోజే అడగాలి, పచ్చడి సీసా వెంట ఉండాలి. ఎండగా ఉన్న సెప్టెంబరులో కూడా పిరనీ కొండల నుంచి హఠాత్తుగా వాన దిగుతుంది. పండుగ రోజే చూడాలని ఫిబ్రవరి 11కు వెళ్ళాలనుకునేవారు ఒక సంగతి గమనించాలి: చలికాలంలో చాలా హోటళ్ళు మూసి ఉంటాయి, రోజువారీ ప్రదక్షిణలు ఉండవు, సేవకుల సంఖ్య కూడా తక్కువ. నడవలేని మనిషిని తీసుకెళ్ళేవారికి మే, జూన్, సెప్టెంబరు నెలలే అనుకూలం. ఆగస్టు 15 మరియమాత మోక్షారోపణ పండుగ కాబట్టి ఆ వారంలో గదుల ధరలూ జనమూ రెండూ ఎక్కువే.