సీసీఆర్‌ఎన్ కోచింగ్‌కి డబ్బు కట్టే ముందు లైసెన్స్ సంగతి అడగండి

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు ఐసీయూల్లో పనిచేస్తున్న మన తెలుగు నర్సులందరికీ ఈ హెచ్చరిక. "తెలుగులో సీసీఆర్‌ఎన్ కోచింగ్, పాస్ గ్యారెంటీ, పాసైతే నేరుగా విదేశంలో ఐసీయూ ఉద్యోగం" అంటూ ఒక ప్రకటన ఫోన్లలో తిరుగుతోంది. సీసీఆర్‌ఎన్ అంటే ఐసీయూ నర్సుల కోసం అమెరికా సంస్థ పెట్టే పరీక్ష. దయచేసి దానికి డబ్బు కట్టకండి. నేను 18,000 రూపాయలు కట్టాను. మా యూనిట్‌లోనే ఇంకో సిస్టర్ కూడా కట్టింది. రాయగడ నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్‌లో ఉంటూ, జీతం రాగానే సగం ఇంటికి పంపే పిల్ల తను. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి సంస్థ పేరు రాయడం లేదు. పైగా ఇలాంటివాళ్లు రేపు ఇంకో పేరుతో వస్తారు. అందుకే వాళ్లు ఏం చెప్పి అమ్ముతారో, ఏం దాస్తారో తెలుసుకుంటే మీకు ఎక్కువ ఉపయోగం.

మనల్నే ఎందుకు పట్టుకుంటారో ముందు చెప్తాను. మనలో చాలామంది స్కూల్లో ఒడియా చదివాం, జీఎన్‌ఎం నర్సింగ్ డిప్లొమా ఇంగ్లీషులో చదివాం, ఇంట్లో మాత్రం తెలుగు. ఈ పరీక్షకి దొరికే క్లాసులన్నీ అమెరికా ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటాయి. అలాంటప్పుడు ఒకావిడ ఫోన్ చేసి "సిస్టర్, మనవాళ్ల కోసమే ఈ బ్యాచ్ పెట్టాం, హీమోడైనమిక్స్ (రక్తప్రసరణ, ఒత్తిళ్ల పాఠం) అంతా తెలుగులో చెప్తాం" అంటే ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది. నాకూ అలాగే అనిపించింది. నైట్ డ్యూటీ దిగి పడుకునే వేళకి సరిగ్గా ఫోన్ చేస్తారు. "రెండే సీట్లున్నాయి, ఈ రాత్రితో ఆఫర్ అయిపోతుంది" అని తొందరపెడతారు. కొన్ని నర్సుల ఫొటోలు పంపి, వీళ్లంతా మా దగ్గర చదివి వెళ్లినవాళ్లే అంటారు. అందులో ఒక్కరితో మాట్లాడించమని అడిగాను. ఫోన్ పెట్టేవరకూ మాట దాటేస్తూనే ఉన్నారు.

ఇక వాళ్లు దాచిన అసలు సంగతి. సీసీఆర్‌ఎన్ అనేది అమెరికాలోని క్రిటికల్ కేర్ నర్సుల సంఘం, అంటే ఏఏసీఎన్ వారి సర్టిఫికేషన్ కార్పొరేషన్ ఇచ్చే గుర్తింపు. 1976 నుంచి ఈ పరీక్ష ఉంది. పెద్దవాళ్లకి, పిల్లలకి, నవజాత శిశువులకి వేర్వేరు పరీక్షలు. దరఖాస్తు చెయ్యాలంటే మొట్టమొదట అమెరికా ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) లైసెన్స్ ఉండాలి, దాని మీద ఏ ఆంక్షా ఉండకూడదు. మన ఒడిశా రిజిస్ట్రేషనో ఆంధ్రా రిజిస్ట్రేషనో చూపిస్తే సరిపోదు. అంటే ఎన్‌క్లెక్స్ అనే అమెరికా నర్సింగ్ లైసెన్స్ పరీక్ష రాసి, ఏదో ఒక అమెరికా రాష్ట్రంలో లైసెన్స్ తెచ్చుకున్నాకే దీని గురించి ఆలోచించాలి.

లైసెన్స్ ఒక్కటే చాలదు. బెడ్‌సైడ్ గంటలు కూడా కావాలి. గత రెండేళ్లలో తీవ్రంగా జబ్బుపడ్డ రోగుల్ని నేరుగా చూసుకున్న గంటలు 1,750 ఉండాలి, అందులో 875 చివరి ఏడాదివై ఉండాలి. లేదంటే అయిదేళ్లలో 2,000 గంటలు, అందులో చివరి ఏడాదిలో కనీసం 144. అవి కూడా అమెరికాలోనో కెనడాలోనో, లేదా ఆ ప్రమాణానికి సమానమని తేలిన ఆసుపత్రిలోనో చేసినవై ఉండాలి. మన బరంపురం నర్సింగ్ హోంలో ఎంత కష్టపడి చేసినా ఆ గంటలు లెక్కలోకి వస్తాయని ఎవరూ ముందే మాటివ్వలేరు. ఆ గంటలు చేసినట్టు ధ్రువీకరించే పై అధికారి వివరాలు ఇవ్వాలి, ఆడిట్ కూడా ఉంటుంది. ఇదంతా ఏఏసీఎన్ వాళ్ల హ్యాండ్‌బుక్‌లో ఉంది. ఎవరైనా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. కోచింగ్ అమ్మేవాళ్లకి ఇది తెలియదంటే నేను నమ్మను.

డబ్బు కట్టక ముందే "మాకు అమెరికా లైసెన్స్ లేదు, పర్లేదా?" అని స్పష్టంగా అడిగాను. "అదంతా పాసయ్యాక చూసుకోవచ్చు సిస్టర్, మా టీమ్ ప్రాసెస్ చేస్తుంది" అన్నారు. కట్టాక దరఖాస్తు ఎలా పెట్టాలని అడిగితే మాట మార్చారు. "మీకు మా ఇంటర్నేషనల్ క్రిటికల్ కేర్ సర్టిఫికెట్ వస్తుంది, గల్ఫ్‌లో అది చాలు" అన్నారు. అంటే అమ్మింది ఒకటి, చేతిలో పెట్టేది ఇంకొకటి. గల్ఫ్ దేశాలకీ వాళ్ల లైసెన్స్ పద్ధతి వాళ్లకుంది. సౌదీకి అక్కడి హెల్త్ కమిషన్ పరీక్ష, దుబాయికి అక్కడి హెల్త్ అథారిటీ (డీహెచ్‌ఏ) లైసెన్స్, వీటితో పాటు డేటాఫ్లో అనే తనిఖీ సంస్థవాళ్లు మన సర్టిఫికెట్లు, అనుభవం పరిశీలించడం. ఇంట్లో ప్రింట్ తీసిన బంగారు అంచు కాగితాన్ని అక్కడ ఎవరూ చూడరు.

నాకు అన్నిటికంటే బాధ కలిగించింది వాళ్లిచ్చిన మెటీరియల్. డబ్బు పోతే మళ్లీ సంపాదించుకుంటాం. తప్పు చదువు మాత్రం డ్యూటీలో రోగి మంచం దగ్గరికి వస్తుంది.

పీడీఎఫ్ తెరవగానే ప్రతి పేజీ అడుగునా తెల్లటి పట్టీ కనిపించింది. జూమ్ చేసి చూస్తే పట్టీ అంచు దాటి వేరే ఎవరిదో పేరు చివరి అక్షరాలు బయటికి ఉన్నాయి. ఎవరి పుస్తకాన్నో స్కాన్ చేసి, పేరు కప్పేసి మనకి అమ్ముతున్నారు. అది కూడా పాత పుస్తకం. ఎంత పాతదో అందులోని ప్రశ్నలే చెప్తాయి.

ఎసిస్టోల్‌లో (గుండె పూర్తిగా ఆగి ఈసీజీలో గీత మాత్రమే కనిపించే స్థితిలో) ఉన్న రోగికి, గుండె వేగం పెంచే అట్రోపిన్ మందు 1 మిల్లీగ్రాము ఇవ్వాలని ఒక జవాబు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2010లోనే ఎసిస్టోల్, పీఈఏ (ఈసీజీలో లయ కనిపించినా నాడి అందని స్థితి) చికిత్సా క్రమం నుంచి అట్రోపిన్‌ని తీసేసింది. ఇంకో ప్రశ్న సెప్టిక్ షాక్ మీద, అంటే ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి బీపీ పడిపోవడం మీద. బీపీ నిలబెట్టడానికి మొదటి మందు డోపమిన్ అని రాసి టిక్ పెట్టారు. సర్వైవింగ్ సెప్సిస్ అనే అంతర్జాతీయ మార్గదర్శకాలు 2012 నుంచీ నోరాడ్‌నే (నోరాడ్రినలిన్) మొదట పెట్టమంటున్నాయి. డోపమిన్‌తో గుండె లయ తప్పే ప్రమాదం ఎక్కువ. మా యూనిట్‌లో కొత్తగా చేరిన పిల్లలకి కూడా ఇది తెలుసు. ఆ పక్క పేజీలోనే సెప్సిస్‌లో సీవీపీ (గుండె దగ్గరి పెద్ద సిరలో ఒత్తిడి) 8 నుంచి 12కి తేవడమే లక్ష్యం అని ఉంది. అది 2001లో వచ్చిన ఒక అధ్యయనం నాటి పద్ధతి. 2014, 2015లలో మూడు పెద్ద అధ్యయనాలు ఆ పద్ధతి వల్ల మరణాలు తగ్గడం లేదని తేల్చాయి. 2016 మార్గదర్శకాల్లో ఆ లక్ష్యమే లేదు. మ్యాప్ (సగటు రక్తపోటు) 65 చూడండి, రక్తంలో లాక్టేట్ ఎంతుందో చూడండి, ఫ్లూయిడ్‌కి రోగి ఎలా స్పందిస్తున్నాడో చూడండి అంటున్నారు.

వెంటిలేటర్ అధ్యాయంలో ఉన్న తప్పు ఇంకా భయపెట్టింది. ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్న) రోగికి టైడల్ వాల్యూమ్ (ఒక్కో శ్వాసకి ఇచ్చే గాలి) కిలోకి 6 మిల్లీలీటర్లు అని సరిగ్గానే రాశారు. కానీ లెక్కేసింది రోగి అసలు బరువుతో. 150 సెంటీమీటర్ల ఎత్తు, 80 కిలోల బరువున్న ఆడమనిషి అనుకోండి. వాళ్ల లెక్కలో 480 మిల్లీలీటర్లు. ఈ లెక్క వెయ్యాల్సింది ఎత్తును బట్టి వచ్చే ప్రిడిక్టెడ్ బాడీ వెయిట్‌తో. ఆమెకి అది సుమారు 43 కిలోలు, టైడల్ వాల్యూమ్ 260 దగ్గర వస్తుంది. మనిషి లావైనంత మాత్రాన ఊపిరితిత్తులు పెరగవు. దాదాపు రెట్టింపు గాలి తోస్తే ఏమవుతుందో వెంటిలేటర్ దగ్గర నిలబడ్డ ఏ నర్సుకీ చెప్పక్కర్లేదు. సెట్టింగులు పెట్టేది డాక్టరే కావచ్చు. రాత్రి రెండింటికి అలారం మోగినప్పుడు ఆ అంకె తేడాగా ఉందని పట్టుకోవాల్సింది మనం. ఆ కన్నుని ఈ మెటీరియల్ పాడుచేస్తుంది. అందుకే ఎవరైనా ఈ పీడీఎఫ్‌ని ఉచితంగా పంపినా చదవొద్దు.

"తెలుగులో క్లాసులు" అన్నవి కూడా ఎవరో ఇంగ్లీషు స్లయిడ్లు చదువుతుంటే మధ్యలో "అర్థమైందా అమ్మా" అనడమే. లైవ్ అన్నారు, అన్నీ రికార్డింగులే. సందేహం అడిగితే జవాబిచ్చే మనిషి లేడు.

ఆ తర్వాత గ్రూపులో "రీకాల్ ప్రశ్నలు" అని మొదలుపెట్టారు. పరీక్ష రాసొచ్చినవాళ్లు గుర్తుపెట్టుకుని చెప్పిన ప్రశ్నలట, ఇంకో 3,000 కడితే ఇస్తారట. దీని జోలికి అసలు పోకండి. పరీక్షలోని ప్రశ్నలు బయటపెట్టబోమని రాసేవాళ్లంతా ఒప్పుకున్నాకే పరీక్ష మొదలవుతుంది. అది మీరితే సర్టిఫికెట్ రద్దు చేసే అధికారం వాళ్లకుంది. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. పరీక్షలో 150 ప్రశ్నలు, మూడు గంటల సమయం. అందులో 125కే మార్కులు. మిగతా 25 మార్కుల్లేకుండా పరీక్షించి చూడటానికి పెట్టినవి, ఏవి అవో రాసేవాళ్లకి తెలియదు. ఎవరో గుర్తుపెట్టుకొచ్చామన్న ప్రశ్న అసలు మార్కులున్నదేనా అన్నది కూడా ఎవరూ చెప్పలేరు.

డబ్బు వెనక్కి అడిగితే "నో రీఫండ్ పాలసీ" అని మెసేజ్ పెట్టి నంబర్ బ్లాక్ చేశారు. ఆ మాటకి బెదరకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, సేవలో లోపముంటే రసీదులో చెప్పిన గడువులో, గడువు చెప్పకపోతే 30 రోజుల్లో డబ్బు తిరిగివ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. కోచింగ్ ప్రకటనల మీద 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. ఉద్యోగం గ్యారెంటీ, సెలెక్షన్ గ్యారెంటీ అని ఊరించకూడదు, పాసైనవాళ్ల ఫొటోలు వాళ్ల రాతపూర్వక అనుమతి లేకుండా వాడకూడదు, సీట్లు అయిపోతున్నాయని అబద్ధపు తొందర పెట్టకూడదు అని అందులో ఉంది. మా విషయంలో మూడూ జరిగాయి.

మేం చేసింది ఇదీ. ముందు 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించాం. దాంతో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. సంస్థ హైదరాబాదులో ఉందో ఢిల్లీలో ఉందో అని మీరు తిరగక్కర్లేదు. కొత్త చట్టంలో మనం ఉండే చోట, పనిచేసే చోట కూడా కేసు వెయ్యొచ్చు. గంజాం జిల్లావాళ్లకి బరంపురంలోనే కమిషన్ ఉంది. 5 లక్షల లోపు కేసుకి ఫీజు లేదు. వినియోగదారుల కేసుల ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చెయ్యొచ్చు, లాయరు తప్పనిసరి కాదు. సంస్థే లేదని, అంతా నకిలీ అని తేలితే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చెయ్యండి. డబ్బు చేతులు మారకముందే ఆపే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ.

క్రిటికల్ కేర్‌లో పైకి రావాలన్న కోరిక మంచిదే, అది వదులుకోకండి. అమెరికా మీదే మనసుంటే ముందు ఎన్‌క్లెక్స్ వైపు చూడండి, ఆ పరీక్షా కేంద్రం హైదరాబాదులో ఉంది. లైసెన్స్ వచ్చినా మనవాళ్లకి వీసా క్యూ ఏళ్ల తరబడి ఉంటుందని ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి పెట్టండి. ఇక్కడే ఉండి ఎదగాలంటే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపుతో క్రిటికల్ కేర్‌లో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా ఉంది, బీఎస్సీ చేసినవాళ్లకి రెండేళ్ల నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు ఉంది. కాలేజీ పేరు కౌన్సిల్ జాబితాలో ఉందో లేదో చూసుకున్నాకే ఫీజు కట్టండి. ఊరికే చదువుకోవాలంటే సీసీఆర్‌ఎన్ సిలబస్ కూడా బంగారమే. దాని టెస్ట్ ప్లాన్‌ని హ్యాండ్‌బుక్‌లోంచి తీసుకుని, ఒక్కో అంశాన్ని ఇప్పటి మార్గదర్శకాలతో పోల్చి చదవండి. దానికి రూపాయి ఖర్చు లేదు.

ఇప్పటికే కట్టినవాళ్లు ఉంటే ప్రకటన స్క్రీన్‌షాట్లు, యూపీఐ రసీదు, వాట్సాప్ చాట్ అన్నీ ఈరోజే ఎక్స్‌పోర్ట్ చేసి మెయిల్‌లో పెట్టుకోండి. గ్రూపులోంచి తీసేశాక అవి దొరకవు. మా చాట్‌లో సగం వాళ్లు డిలీట్ చేసేశారు. కేసు వెయ్యడానికి రెండేళ్ల గడువు ఉంటుంది. ఒకే సంస్థ చేతిలో మోసపోయినవాళ్లు కమిషన్ అనుమతితో కలిసి ఒకే ఫిర్యాదు కూడా వెయ్యొచ్చు. బరంపురంలో మేం వేసేటప్పుడు పర్లాకిమిడి, రాయగడ సిస్టర్లు కూడా చేరితే మా కాగితాలు, ఫిర్యాదు నమూనా అన్నీ ఇస్తాం. ఒడియాలో రాసి పెట్టడానికి మనిషి కూడా ఉన్నారు.