పిల్లల పుస్తకాలు పుట్టిన పెట్టెల కోసం: మినియాపొలిస్ బాగుందా, హ్యాటీస్‌బర్గ్ బాగుందా?

పిల్లల సాహిత్యం మీద పని చేసేవాళ్ళు అమెరికాలో ఏ లైబ్రరీకి వెళ్ళాలని అడిగితే ఎక్కువమంది చెప్పేవి రెండు. ఒకటి పైన చలిదేశంలో, మిన్నెసోటా యూనివర్సిటీలో ఉన్న కెర్లన్ కలెక్షన్, ఊరు మినియాపొలిస్. రెండోది కింద మిసిసిపి రాష్ట్రంలో, యూనివర్సిటీ ఆఫ్ సదరన్ మిసిసిపి వాళ్ళ డి గ్రమండ్ కలెక్షన్, ఊరు హ్యాటీస్‌బర్గ్. రెండూ చూసొచ్చాను. ప్రయాణం, బస, తిండి, రీడింగ్ రూమ్ అన్నీ కలిపి ఏది ఎవరికి పనికొస్తుందో రాస్తున్నాను, ఎందుకంటే నేను వెళ్ళే ముందు వెతికితే కలెక్షన్ల గొప్పలు దొరికాయి గానీ ఎక్కడ దిగాలి, కారు కావాలా వద్దా అన్నది ఎవరూ చెప్పలేదు.

ముందే ఒక మాట. పాత పిల్లల పుస్తకాలు చదవడమే మీ పనైతే ఈ రెండు చోట్లకీ వెళ్ళక్కర్లేదు. ఫ్లోరిడా యూనివర్సిటీలో బాల్డ్‌విన్ లైబ్రరీ అని ఉంది, వాళ్ళు పాత పుస్తకాలు వేలకొద్దీ స్కాన్ చేసి ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టారు, ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. ఈ రెండు ఊళ్ళకీ టికెట్ కొనేది పుస్తకం అచ్చవ్వకముందు ఎలా ఉందో చూడడానికి. కొట్టివేతలున్న చిత్తుప్రతి, ఎడిటర్ పెన్సిల్‌తో రాసిన నోట్లు, రచయిత చేత్తో మడిచి కుట్టుకున్న డమ్మీ (నమూనా పుస్తకం), బొమ్మల ఒరిజినల్స్. ఇవి స్కాన్‌లో పెద్దగా దొరకవు, దొరికినా తెల్లరంగు పూసి దాచేసిన గీత స్కాన్‌లో కనపడదు.

మినియాపొలిస్ సంగతి ముందు. దీనంత సులువైన ప్రయాణం ఇంకోటి లేదు. ఎయిర్‌పోర్ట్‌లోనే బ్లూ లైన్ ట్రామ్ ఎక్కి, ఊళ్ళోకొచ్చాక గ్రీన్ లైన్‌కి మారి, వెస్ట్ బ్యాంక్ స్టేషన్లో దిగితే లైబ్రరీకి నడిచిపోవచ్చు. కారు అద్దెకి తీసుకుంటే డబ్బు దండగ, పార్కింగ్ తలనొప్పి అదనం. గది మాత్రం డౌన్‌టౌన్ నడిబొడ్డున తీసుకోకండి. గ్రీన్ లైన్ పొడవునా ఎక్కడ తీసుకున్నా అదే ట్రామ్ వస్తుంది, రేటు తగ్గుతుంది. నేను దిగిన చోట గది శుభ్రంగానే ఉంది కానీ బుకింగ్‌లో చూపించిన రేటు ఒకటి, బిల్లులో రకరకాల ఫీజులు కలిపి వేసింది ఇంకోటి. కౌంటర్లో అమ్మాయి నవ్వుతూనే "అది మా చేతుల్లో లేదండీ" అన్న ధోరణిలో మాట్లాడింది. మొత్తం ఎంతవుతుందో ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

కలెక్షన్ ఉండేది ఎల్మర్ ఎల్. ఆండర్సన్ లైబ్రరీలో. పైనుంచి చూస్తే మామూలు భవనమే. అసలు సంగతంతా కింద ఉంది: మిసిసిపి నది ఒడ్డున కొండని తొలిచి రెండు గుహలు చేశారు, ఒక్కోటి రెండు ఫుట్‌బాల్ మైదానాలంత పొడవు. కాగితం పాడవకుండా ఏడాది పొడవునా ఒకే చల్లదనం, ఒకే తేమ. మనం ఆ గుహల్లోకి వెళ్ళం, పెట్టెలే మన దగ్గరికి వస్తాయి. వాటి పక్కనే షెర్లాక్ హోమ్స్ మీద పెద్ద సేకరణ కూడా ఉంది, ఆ పిచ్చి ఉన్నవాళ్ళు ఒక పూట దానికి ఉంచుకోండి.

ఇదంతా మొదలుపెట్టినాయన ఇర్విన్ కెర్లన్, వృత్తికి డాక్టరు. వాషింగ్టన్లో ఎఫ్‌డీఏలో, అంటే తిండి, మందుల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థలో ఉద్యోగం, ఖాళీ దొరికితే పిల్లల పుస్తకాలు పోగెయ్యడం. రచయితలతో, బొమ్మలు వేసేవాళ్ళతో స్నేహం చేసుకుని "అచ్చయ్యాక ఆ కాగితాలు పారెయ్యకండి, నాకివ్వండి" అని అడిగి తీసుకునేవాడట. తను చదువుకున్న యూనివర్సిటీకి 1949లో ఇవ్వడం మొదలుపెట్టాడు. ఆ అడగడమే అసలు గొప్ప. ఆ రోజుల్లో పుస్తకం బయటికొచ్చాక ఒరిజినల్స్‌ని చాలామంది చెత్తకిందే లెక్కేసేవాళ్ళు.

ఇక పెట్టెల్లో ఏముంటుందంటే, నాకు బాగా ఉపయోగపడినవి కలర్ సెపరేషన్లు. ఇప్పుడైతే బొమ్మ వేసి స్కాన్ చేసి పంపిస్తే ప్రెస్సువాడు చూసుకుంటాడు. అప్పట్లో చవగ్గా అచ్చవ్వాలంటే ఆర్టిస్టే ఒక్కో రంగుకి ఒక్కో షీటు విడిగా వెయ్యాలి, అదీ ఆ రంగులో కాదు, నలుపులోనే. ఎరుపు ఎక్కడ రావాలో ఒక షీటు మీద నల్లగా, పసుపు ఎక్కడ రావాలో ఇంకోదాని మీద నల్లగా. మూలల్లో చిన్న ప్లస్ గుర్తులుంటాయి, షీట్లు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోడానికి. పారదర్శకమైన షీట్లయితే ఒకదానిమీద ఒకటి పరిచి ఉంటాయి, ఒక్కోటీ మెల్లిగా ఎత్తుతుంటే పిల్లాడి చొక్కా మాయమవుతుంది, తర్వాత గడ్డి, చివరికి గీతలు మాత్రం మిగుల్తాయి. అంటే ఆర్టిస్టు తన బొమ్మని రంగుల్లో మొదటిసారి చూసేది అచ్చయ్యాకే! పాత పుస్తకాల్లో రెండు మూడు రంగులే ఎందుకుంటాయో, రంగు గీత దాటి పక్కకి ఎందుకు జరుగుతుందో ఆ టేబుల్ దగ్గర కూర్చుంటే ఎవరూ చెప్పక్కర్లేదు.

పిల్లల పుస్తకాలు రాసి, బొమ్మలు కూడా తనే వేసుకున్న వాండా గాగ్ కాగితాలు కూడా ఇక్కడివే చూడాలి. ఆవిడది ఇదే రాష్ట్రంలోని న్యూ ఉల్మ్. నాన్న పెయింటర్, ఈమెకి పదిహేనేళ్ళప్పుడు పోయాడు, ఏడుగురు పిల్లల్లో ఈమే పెద్ద. 1928లో వచ్చిన ఆవిడ పిల్లుల పుస్తకం "మిలియన్స్ ఆఫ్ క్యాట్స్" ఇప్పటికీ దుకాణాల్లో అమ్ముతున్నారు. అందులో అక్షరాలు టైపువి కావు, తమ్ముడు హోవర్డ్ చేత్తో రాసినవి. బొమ్మ ఎడమ పేజీలో మొదలై కుడి పేజీలోకి పాకుతుంది, మాటలు దాని వంపు వెంటే పోతాయి. అచ్చులో కనపడే ఆ ఒరవడికి వెనకాల ఎంత కొలత ఉందో ఒరిజినల్స్‌లో తెలుస్తుంది. న్యూ ఉల్మ్‌లో వాళ్ళ ఇల్లు మ్యూజియంగా ఉంచారు, కారులో ఓ రెండు గంటలు. తెరిచి ఉండే రోజులు తక్కువ, కనుక్కుని వెళ్ళండి.

తిండికి వెస్ట్ బ్యాంక్ పక్కనే సీడర్-రివర్‌సైడ్ పేట, సోమాలీవాళ్ళు ఎక్కువ. మసాలా అన్నం మీద మేక మాంసం పెట్టి పక్కన ఒక అరటిపండు ఇస్తారు, ముక్కలు చేసి అన్నంలోనే కలుపుకుని తినాలి. పెరుగన్నంలో మామిడిపండు పిసుక్కుని తిన్నవాళ్ళకి ఇదేం వింత కాదు. చలికాలం వెళ్తే మటుకు జాగ్రత్త, సున్నాకి ఇరవై డిగ్రీలు కింద అంటే నవ్వులాట కాదు. భవనాల మధ్య సొరంగాల దారులున్నాయి, గోఫర్ వే అంటారు, మ్యాప్ పెట్టుకోండి. వాతావరణం బాగుంటే మాత్రం వాషింగ్టన్ అవెన్యూ వంతెన మీద నదికి అటువైపు నడవండి, కింద అంతస్తులో ట్రామ్‌లు కార్లు, పైన నడిచేవాళ్ళు, అవతలి ఒడ్డున వైస్‌మన్ మ్యూజియం రేకుల గోడలు మెరుస్తుంటాయి.

హ్యాటీస్‌బర్గ్ దీనికి పూర్తిగా ఉల్టా. ట్రామ్ లేదు సరికదా కారు లేకపోతే కాలు లేనట్టే. నేను న్యూ ఆర్లియన్స్‌లో దిగి కారు తీసుకుని ఐ-59 హైవే మీద పోయాను, ఒకటిన్నర గంట పైన పట్టింది, దారంతా పైన్ చెట్లు. ఆమ్‌ట్రాక్ క్రెసెంట్ రైలు కూడా ఈ ఊళ్ళో ఆగుతుంది, రోజుకి అటొకటి ఇటొకటి. ఆలస్యాలకి ఓపిక ఉండాలి, స్టేషన్ నుంచి క్యాంపస్‌కి మళ్ళీ బండి మాట్లాడుకోవాలి. హోటళ్ళు హార్డీ స్ట్రీట్ పొడవునా, హైవే దగ్గర గుంపుగా ఉంటాయి, మినియాపొలిస్ రేట్లతో పోలిస్తే బాగా చవక. చవక కదా అని అన్నిటికంటే తక్కువదానిలో దిగాను. ఏసీ రాత్రంతా ట్రాక్టర్ మోత, బ్రేక్‌ఫాస్ట్ అని రాసినదాంట్లో మిగిలింది చల్లారిన వాఫుల్ పిండి. రెండో రాత్రికి పక్కదానికి మారాను, పాతిక డాలర్లు ఎక్కువైనా హాయిగా నిద్రపట్టింది. యూనివర్సిటీ ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న వారాంతాల్లో గదులు దొరకవు, దొరికినా రేట్లు మండిపోతాయి. కాలెండర్ చూసుకోండి.

శాకాహారులకి ఒక హెచ్చరిక. దక్షిణాది హోటళ్ళలో ఆకుకూర కనపడగానే సంబరపడకండి, చాలాచోట్ల పంది ఎముకతో ఉడికిస్తారు. అడిగి తినండి. మిగతావాళ్ళకి వేయించిన క్యాట్‌ఫిష్ బ్రహ్మాండం.

ఈ కలెక్షన్‌ని 1966లో మొదలుపెట్టినావిడ లీనా డి గ్రమండ్, లైబ్రరీ సైన్స్‌లో పిల్లల సాహిత్యం చెప్పడానికి వచ్చిన ప్రొఫెసరు. విద్యార్థులకి పాఠ్యపుస్తకం చాలదు, పుస్తకం ఎలా తయారవుతుందో చూపించాలని రచయితలకీ ఆర్టిస్టులకీ ఉత్తరాలు రాయడం మొదలుపెట్టింది. మీ కాగితాలు మాకివ్వండి అని. డబ్బు ఆశ చూపించలేదు, పేరున్న యూనివర్సిటీ కూడా కాదు. అయినా పంపించారు. ఇప్పుడు వెయ్యిమందికి పైగా రచయితల, చిత్రకారుల సామాను ఉంది, పుస్తకాల్లో పాతది 1530 నాటి ఈసప్ కథలు.

అయితే నేను చెప్పేది ఏంటంటే, ఇక్కడి బలం సంఖ్యలో లేదు, ఒక్కో మనిషి మొత్తంగా దొరకడంలో ఉంది. క్యూరియస్ జార్జ్ కోతిపిల్లని సృష్టించిన రే దంపతుల కాగితాలు ఇక్కడే. 1940 జూన్‌లో జర్మన్లు పారిస్‌కి వస్తుంటే హాన్స్ రే విడిభాగాలతో రెండు సైకిళ్ళు బిగించి, భార్యతో కలిసి ఆ కోతిపిల్ల కథ రాతప్రతులు పెట్టుకుని ఊరు దాటాడు. ఎజ్రా జాక్ కీట్స్‌వి కూడా ఇక్కడే. మంచులో తిరిగే నల్లజాతి పిల్లాడి కథ "ది స్నోయీ డే"తో 1963లో కాల్డికాట్ మెడల్ (అమెరికాలో బొమ్మల పుస్తకాలకి ఇచ్చే పెద్ద బహుమతి) తీసుకున్నాయన. ఆ పిల్లాడికి మూలం 1940లో లైఫ్ పత్రిక నుంచి కత్తిరించి దాచుకున్న ఫొటోలు, ఇరవై ఏళ్ళకి పైగా దాచుకున్నాడు. ఆ పుస్తకంలో మంచు రేకుల ముద్రలు రబ్బర్లు చెక్కి వేసినవి, నేపథ్యంలో చుక్కలు టూత్‌బ్రష్‌తో ఇండియా ఇంకు చల్లినవి. కీట్స్ పెట్టెల్లో పిల్లలు ఆయనకి రాసిన ఉత్తరాలు కూడా ఉన్నాయి. నేను వెళ్ళింది బొమ్మల కోసం, సగం పూట ఈ ఉత్తరాలే తినేశాయి. మన వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాలు కూడా ఇలా ఒక టేబుల్ మీద చిత్తు దగ్గర్నుంచి వరసగా చూడగలిగితే ఎంత బావుండు అని అక్కడ కూర్చున్నంతసేపూ అనిపిస్తూనే ఉంది.

రీడింగ్ రూమ్ పద్ధతులు రెండు చోట్లా దాదాపు ఒకటే. సంచులు లాకర్లో, పెన్ను బంద్, పెన్సిల్ మాత్రమే. ఒకసారికి ఒక ఫోల్డర్, ఫ్లాష్ లేకుండా ఫోన్‌తో ఫొటోలు. ఏ పెట్టెలో ఏముందో చెప్పే జాబితాలు వాళ్ళ సైట్లలో ఉంటాయి, వాటిని ఇంటి దగ్గరే చదివి, పెట్టె నంబర్లతో సహా వారం పదిరోజుల ముందు అడగండి. "మీ దగ్గర మంచివేవో చూపించండి" అని వెళ్తే మీకూ టైమ్ వేస్టు, వాళ్ళకీ టెన్షన్. శని ఆదివారాలని నమ్ముకోకండి. ఒకటే తేడా: మినియాపొలిస్ రీడింగ్ రూమ్‌లో రకరకాల కలెక్షన్లవాళ్ళు కూర్చుంటారు, పని చకచకా జరిగిపోతుంది, ఎవరి లోకం వాళ్ళది. హ్యాటీస్‌బర్గ్‌లో నాకు పెట్టె తెచ్చిచ్చినావిడ నేను దేనికోసం వెతుకుతున్నానో నిలబడి విని, జాబితాలో నేను చూడని ఇంకో ఫోల్డర్ చెప్పింది. అదే నాకు అక్కరకొచ్చింది.

కాబట్టి కారు నడపనివాళ్ళు, కుటుంబంతో వెళ్ళేవాళ్ళు, బొమ్మల పుస్తకం తయారీ అనే పనిని చాలామంది చేతుల్లో చూడాలనుకునేవాళ్ళు మినియాపొలిస్ వెళ్ళండి, మే నుంచి సెప్టెంబర్ లోపు. ఒకే రచయితని పట్టుకుని లోతుగా చదివేవాళ్ళు, ముఖ్యంగా కీట్స్, రే మీద పనిచేసేవాళ్ళు హ్యాటీస్‌బర్గ్‌కి వెళ్ళి తీరాలి. మధ్యాహ్నం కళ్ళు లాగితే క్యాంపస్ దగ్గరే లాంగ్‌లీఫ్ ట్రేస్ మొదలవుతుంది, పాత రైలు పట్టాల దారిని నడకదారి చేశారు, నీడ బాగుంటుంది. వేసవిలో మాత్రం ఆ ఉక్క మన కోస్తా ఉక్కకి తీసిపోదు. వసంతంలో అక్కడ పిల్లల పుస్తకాల పండగ చేస్తారు, రచయితల ప్రసంగాలు బాగుంటాయి గానీ ఆ రోజుల్లో పెట్టెల పని పెట్టుకోకండి, సిబ్బందికి ఊపిరాడదు.

ఖర్చు సంగతి అడిగేవాళ్ళకి: కీట్స్ పేరు మీదే రెండు చోట్లా ఫెలోషిప్‌లు ఇస్తూ వచ్చారు, ప్రయాణం ఖర్చుకి పనికొస్తాయి. దరఖాస్తులో ఏ పెట్టెలు, ఎందుకు అన్నది రాయాలి, అందుకే ఆ జాబితాలు ముందు చదవమన్నది. ఫొటోలు మీ నోట్సు కోసం తీసుకోవచ్చు గానీ, వాటిని ఎక్కడైనా అచ్చు వేసుకోవాలంటే లైబ్రరీ ఒప్పుకుంటే చాలదు, కాపీరైట్ ఎవరిదో వాళ్ళ అనుమతి విడిగా తెచ్చుకోవాలి. అది వెళ్ళొచ్చాక మొదలుపెడితే నెలలు పడుతుంది.