ఎవరి ఆశ్రయం వారిదా, ఉమ్మడి ఏర్పాటా?

తిరుపతి, శ్రీకాళహస్తి పురపాలక సంస్థలు నిరాశ్రయుల వసతి గృహాలను ఎవరికి వారు నడుపుకోవడం ఒక పద్ధతి. ఖర్చు, సిబ్బంది, వివరాల నమోదు కలిపి చూసుకోవడం మరొకటి. లక్ష పట్టణ జనాభాకు ఒక ఆశ్రయం ఉండాలని కేంద్ర పథకమైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ అప్పట్లో పెట్టిన ప్రమాణం మొదటి పద్ధతికే అనువైనది. జవాబుదారీ ఎవరో కూడా స్పష్టంగా తెలుస్తుంది. అయితే 2011 లెక్కల్లో శ్రీకాళహస్తి జనాభా లక్షకు చేరనే లేదు. పైగా కొండకు వచ్చి ఇల్లు చేరలేకపోయిన వృద్ధురాలు ఈ వారం తిరుపతి రైల్వే స్టేషన్ ముందు, వచ్చే వారం కాళహస్తి గుడి వీధిలో పడుకుంటే, ఆమె మందుల చీటీ, ఆధార్ దరఖాస్తు, పింఛను సంగతి ఊరు మారిన ప్రతిసారీ మళ్లీ మొదటికొస్తాయి. ఉమ్మడి నమోదుతో ఆ తిప్పలు తప్పుతాయి. ఖర్చు వాటాల దగ్గర పేచీ మాత్రం తప్పదు. అందుకే 2022లో తిరుపతి జిల్లా విడిపోయాక వేరే జిల్లాగా మిగిలిన చిత్తూరును ఇప్పుడే కలుపుకోకుండా, ఒకే కలెక్టరు కింద ఉన్న ఈ రెండు పట్టణాలతో మొదలుపెట్టడమే మేలనిపిస్తుంది.