చ్వాన్‌జౌ యాత్ర: పాత చైనా ఓడ వ్యాపారం చూడాలంటే

పాత చైనా వ్యాపారం అనగానే చాలామంది పట్టుదారి (సిల్క్ రోడ్) పేరు చెప్పి షియాన్‌కి టికెట్ కొంటారు. సముద్ర వ్యాపారం చూడాలంటే మాత్రం ఫుజియాన్ తీరంలోని చ్వాన్‌జౌకే వెళ్ళాలి. మార్కో పోలో జైతూన్ అని రాసిన రేవు ఇదే. 2021లో యునెస్కో ఇక్కడ 22 చోట్లను ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. అన్నీ తిరగక్కర్లేదు. బాగా ఎంచుకుంటే రెండు రోజులు చాలు.

మొదట కైయువాన్ బౌద్ధ గుడి ఆవరణలోని ఓడ ప్రదర్శనశాల. 1974లో హౌజు రేవు బురదలోంచి తవ్వితీసిన సొంగ్ రాజవంశ కాలపు (10–13 శతాబ్దాలు) ఓడ ఇక్కడ ఉంది. మిగిలిన భాగమే 24.2 మీటర్ల పొడవు, 9.15 మీటర్ల వెడల్పు. 12 అడ్డుపలకలతో అడుగుభాగాన్ని 13 అరలుగా విడదీశారు. అరల్లో సువాసన చెక్కలు, మిరియాలు, వక్కలు దొరికాయి. సరుకుతోపాటు దొరికిన చెక్క చీటీల మీద పేర్లున్నాయి. ఒకే ఓడలో ఎందరో వ్యాపారుల సరుకు కలిసి వచ్చేదని ఆ చీటీలే చెబుతాయి. ఊరంతటిలో ఒక్కటే చూసే వీలుంటే ఇదే చూడండి.

అదే గుడిలో ప్రధాన మందిరం వెనక్కి తప్పకుండా వెళ్ళండి. ముందువైపు దండం పెట్టుకుని వెళ్ళిపోయేవాళ్ళకు అక్కడి రెండు రాతి స్తంభాలు కనబడవు. నరసింహస్వామి, మద్దిచెట్లు కూల్చిన చిన్నికృష్ణుడు వాటి మీద చెక్కి ఉన్నారు. తమిళ వర్తకులు ఈ ఊళ్ళో కట్టుకున్న శివాలయం 1281 నాటిదని శాసనం ఉంది. ఆ కాలపు హిందూ శిల్పాలు మరికొన్ని సముద్రయాన మ్యూజియంలో ఉన్నాయి. అది సోమవారం మూసి ఉంటుంది.

1087లో పెట్టిన ఓడ వ్యాపార కార్యాలయం స్థలంలో పునాదులు తప్ప ఏమీ లేవు. పని తీరు తెలియకుండా వెళితే నిరాశే. ఓడ రాగానే అధికారులు సరుకు లెక్కగట్టి సుంకంగా కొంత వాటా తీసుకునేవారు, కొంత ప్రభుత్వమే కొనేది, మిగిలింది బజారుకు పోయేది. తరువాతి యువాన్ (మంగోలుల) పాలనలో మేలురకం సరుకు మీద పదో వంతు, ముతక సరుకు మీద పదిహేనో వంతు. మన మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ముప్పయ్యో వంతు చాలంది.

జ్యూరి కొండ ఊరికి పడమరన ఉంది, టాక్సీలో వెళ్ళిరావచ్చు. గాలి కోసం అధికారులు చేసిన ప్రార్థనలు బండల మీద చెక్కి ఉన్నాయి. చలికాలపు ఈశాన్యపు గాలికి ఓడలు బయల్దేరేవి, వేసవి నైరుతికి తిరిగొచ్చేవి. అదను తప్పితే తరువాతి గాలి దాకా ఏ రేవులోనో పడి ఉండాల్సిందే.

లోయాంగ్ వంతెనకు (1053–1059) మాత్రం ఆటుపోట్ల వేళలు చూసుకుని వెళ్ళండి. పోటులో వంతెన కింద నీళ్ళు తప్ప ఏమీ కనబడవు. ఆటులో పడవ ముక్కులాంటి స్తంభాల మొనలు, వాటిని పట్టుకున్న ఆల్చిప్పలు బయటపడతాయి. రాళ్ళు కదలకుండా అతుక్కోవాలని కట్టినవాళ్ళే ఆల్చిప్పలను పెంచారు.

బసకు పాత ఊరి పడమటి వీధి దగ్గర గది మేలు: గుడికి, కార్యాలయం స్థలానికి నడిచి వెళ్ళొచ్చు. కాకపోతే రాత్రి సందడి ఎక్కువ, వీధివైపు కిటికీ ఉన్న గది వద్దనండి. హైస్పీడ్ రైలు స్టేషన్ దగ్గర గదులు ప్రశాంతమే, కానీ ప్రతిసారీ పాత ఊరికి రావాలి. చిన్న లాడ్జీల్లో విదేశీ పాస్‌పోర్ట్ నమోదు చేయడం తెలియక తిప్పి పంపేవాళ్ళుంటారు. బుక్ చేసేముందే అడిగి, జవాబు రాతలో ఉంచుకోండి.

అక్కడి చెల్లింపుల యాప్ అలీపేకి మన కార్డు ఇంట్లోనే జతచేసి పెట్టుకోండి. గూగుల్ మ్యాప్స్ అక్కడ ఆధారం కాదు, చైనా మ్యాప్ యాప్ అమ్యాప్ (Amap) వాడాలి. శాకాహారులకు కష్టమే: సేమ్యా జావలో కూడా చేపలో, మాంసమో కలుస్తాయి. మాంసం, చేప, గుడ్డు, పందికొవ్వు, మాంసపు రసం వద్దని చైనీస్‌లో రాసిన చీటీ చూపించండి. తియ్యటి వేరుశెనగ సూప్ మాత్రం చాలాచోట్ల దొరుకుతుంది. అందులో గుడ్డు కొట్టి పోసే అలవాటూ ఉంది కాబట్టి ఆర్డర్ చేసేటప్పుడే వద్దని చెప్పాలి.